పైకప్పులోంచి పిలిచిన పేరు

టాబీ లంకలో పుట్టిన ప్రతి మనిషికీ రెండు పేర్లుంటాయి. ఒకటి అసలు పేరు. పుట్టిన రోజున తల్లి దాన్ని బిడ్డ చెవిలో ఊదుతుంది, పాస్టరు చర్చి పుస్తకంలో రాస్తాడు, ఆపైన అది ఆ పుస్తకంలోనే నిద్రపోతుంది. రెండోది బుట్టపేరు. బిడ్డ ఇంకా గడ్డిబుట్టలో పడుకుని కాళ్లు ఆడిస్తున్నప్పుడే వాడి వాలకం చూసి నలుగురూ కలిసి పెట్టే పేరు. బతుకంతా ఆ రెండో పేరు మీదే నడిచిపోతుంది. అసలు పేరు దాచుకోవలసిన సొత్తు. ఎందుకంటే చావు వచ్చినప్పుడు అసలు పేరు పెట్టే పిలుస్తుంది. దానికి బుట్టపేర్లు తెలియవు. అది లంకంతా కలయదిరిగి ఫలానా ఆయన ఇల్లెక్కడ అని వాకబు చేసినా, ఆ పేరుగలవాడు ఇక్కడెవడూ లేడని జనం ఒట్టేసి మరీ చెబుతారు. అబద్ధం కూడా కాదు. వాళ్లకు నిజంగానే తెలియదు.

ఇంకొక పద్ధతి కూడా ఉంది. చాటునుంచి పిలిచేటప్పుడు లంకవాళ్లు మూడుసార్లు పిలుస్తారు. వినేవాడు మూడో పిలుపు దాకా పలకడు. చావుకు అంత ఓపిక ఉండదని, రెండు పిలుపులకే దాని ఊపిరి అయిపోతుందని అక్కడి లెక్క. ఆ లంకలోని కూటర్ అనే ఆయనకు పెదనాన్న వరస మనిషి ఒకాయన వసారాలో ఊగుడు కుర్చీలో కూర్చుని ఆల్చిప్పలు వలుస్తూ, ఉప్పుపర్రలోంచి, ఆ గడ్డి బురదనేలలోంచి, ఎవరో అసలు పేరుతో పిలిస్తే మొదటి పిలుపుకే "ఆఁ" అన్నాడట. పెళ్లాం కాఫీ పట్టుకొచ్చేసరికి మనిషి లేడు. ఆల్చిప్ప సగం తెరిచి ఉంది, కుర్చీ ఊగుతోంది. ఆ కుర్చీ ఆదివారం దాకా ఊగుతూనే ఉందని కూటర్ చెబుతాడు. వినేవాళ్లు నమ్మనట్టు చూస్తే సోమవారం దాకా అంటాడు.

కూటర్ అంటే వాళ్ల మాటలో తాబేలు. పుట్టాక మూడు రోజులు తల పైకెత్తకుండా, కళ్లు తెరవకుండా బుట్టలో బోర్లా పడి ఉన్నాడని ఆ పేరు వచ్చింది. ఇప్పుడాయనకు అరవై అయిదు నిండి మూడు నెలలు. రొయ్యల కంపెనీలో ఇరవై ఏళ్లు పనిచేశాడు. అది మూతబడ్డాక ఇంటి వసారాలో విసురువలలు అల్లుతూ, అబద్ధాలు అంతకంటే బాగా అల్లుతూ బతుకుతున్నాడు. ఒకసారి తను అల్లిన వల పొద్దుగుంకే వేళ విసిరితే అందులో పోటు చిక్కుకుపోయిందని, సముద్రం మూడు రోజులు కదల్లేదని, పీతలు దారి తప్పి చర్చి దాకా నడిచొచ్చాయని, చివరికి పాస్టరు బతిమాలితే తనే వెళ్లి ముడి విప్పాడని అంటాడు.

అలాంటి మనిషికి కళ్లలో శుక్లాలు వచ్చాయి. మొదట ఆయనకు తెలియనే లేదు. నిరుడు ఆగస్టులో, నడి మధ్యాహ్నం, వసారాలో కూర్చుని, "పొద్దెక్కినా ఈ మంచు విడలేదేమే?" అని పెళ్లాన్ని అడిగాడు. ఎండ పెళపెళలాడుతోంది. మింటా ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసి, లోపలికి వెళ్లి, కాసేపు బయటికి రాలేదు.

ఆ ఏడు ఆయన అల్లిన వలలో ఒక కన్ను రొయ్యకు, పక్క కన్ను తిమింగలానికి సరిపోయేటట్టు వచ్చింది. కొన్నవాడు నవ్వుతూ తిరిగి ఇచ్చేశాడు. కూటర్ కూడా నవ్వాడు గానీ ఆ వలను ఎవరికీ కనబడకుండా అటక మీద పెట్టాడు. నెలలో రెండో గురువారం లాంచీలో వచ్చే డాక్టరు కళ్లలోకి దీపం వేసి చూసి చెప్పాడు. "కోసి తీసేస్తే నీ చూపు నీకొస్తుంది కూటర్. కానీ ముదరనివ్వకు. ఆపరేషను పట్నంలో. నువ్వు మెడికేర్ కార్డు తెచ్చుకో, మిగతాది నేను చూసుకుంటాను."

మెడికేర్ అంటే ముసలివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే వైద్యం బీమా. అరవై అయిదు నిండే నెల, దానికి ముందు మూడు, వెనక మూడు, మొత్తం ఏడు నెలలు దాని తలుపు తెరిచి ఉంటుంది. కూటర్ జూన్‌లో పుట్టాడు గనుక సెప్టెంబరు ముప్పైన ఆ తలుపు మూసుకుంటుంది. తరువాత చేరతానంటే కొత్త సంవత్సరం దాకా ఆగాలి. చేరినా కార్డు పనిచేసేది మళ్లీ జులైకే.

"జులై దాకానా! అప్పటికి నేనెక్కడున్నానో తెలియక పొయ్యి వాసన పట్టుకుని వెతుక్కుంటావు నువ్వు" అంది మింటా.

"పొయ్యి దగ్గరే ఉంటావుగా, కష్టమేముంది" అన్నాడు కూటర్.

నవ్వులాటకు అన్నాడు గానీ, ఎదురుగా కూర్చున్న ఆమె ముఖం అప్పటికే ఆవిరి పట్టిన అద్దంలో బొమ్మలా ఉంది. ముక్కు ఎక్కడుందో గుర్తు పెట్టుకుని చూడవలసి వస్తోంది.

ఈ ఆగస్టులో ఒకసారి ఆయన పట్నంలో ఆ బీమా ఆఫీసుకు వెళ్లాడు. పొద్దుట వెళ్లి సాయంత్రం లాంచీకి తిరిగొచ్చాడు. పిలవలేదే, నేనేం చేయను అన్నాడు. మింటా అప్పటికి ఊరుకుంది. ఇదిగో, ఇప్పుడు సెప్టెంబరు ముప్పై. తలుపు మూసుకునే రోజు.

లాంచీ రేవు వదిలేసరికి పర్ర మీద గడ్డి పచ్చదనం వదిలి బంగారు రంగులోకి తిరుగుతోంది. అది కూటర్‌కు గుర్తున్న సంగతి, కనబడుతున్న సంగతి కాదు. కళ్లకు కనబడుతున్నది మాత్రం వెలుతురు ఒలికిపోయిన నేల, అందులో మెల్లగా జరిగిపోతున్న నీడలు. అవి కొంగలై ఉండాలి. లేదా ఈ ఏటి దేవదూతలై ఉండాలి. రెండూ ఒంటికాలి మీదే నిలబడతాయని ఆయన నమ్మకం.

మింటా అమ్మకానికి తెచ్చిన గడ్డిబుట్టలు ఒళ్లో పేర్చుకుని, ఆయన చొక్కా గుండీలు సరిచేస్తూ అడిగింది. "పోయినసారి నిన్ను ఎందుకు పిలవలేదు?"

"పిలిచే ఆమెకు జలుబు చేసింది."

"పిలవలేదా, నువ్వు పలకలేదా?"

కూటర్ నీళ్లకేసి తిరిగాడు. లాంచీ నడిపే బూసీ, వరసకు మింటా తమ్ముడు, వెనకనుంచి పకపకా నవ్వాడు.

"బావ పలకడక్కా. చెక్కు ఇస్తామని పిలిచినా పలకడు."

"నువ్వు చక్రం చూసుకోరా. ఒకపక్కకు పోతోంది" అన్నాడు కూటర్.

"ఒకపక్కకు పోతోందని నీకెలా తెలిసింది, కనబడందే?"

"నీ తెలివి తూగే పక్కకేగా పోతుంది."

పట్నంలో మింటా ఆయన్ను ఆఫీసు తలుపు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. చర్చి పుస్తకంలోంచి పాస్టరు ఎత్తి రాసిచ్చిన పుట్టుక కాగితం జేబులో పెట్టి, ఎర్రన్నం, వేయించిన రొయ్యలు కట్టిన పొట్లం చేతిలో పెట్టింది. "నాలుగున్నరకు లాంచీ. నేను రేవులో బుట్టలమ్ముకుంటూ ఉంటాను. పిలిస్తే పలుకు, మా నాయనా. పిలిచేది గవర్నమెంటు. అంతకంటే ఏం లేదు."

"గవర్నమెంటుకు మొహం ఉందా?" అన్నాడు కూటర్. మింటా అప్పటికే వెళ్లిపోతోంది.

లోపల చల్లగా ఉంది. నీటి అడుగున ఉండే చల్లదనం. గోడలకు లేతాకుపచ్చ రంగు, పైన పొడుగాటి దీపాలు, ఎక్కడో చల్లటిగాలి యంత్రం పోటు వస్తున్నప్పటి పాయలా సన్నగా హోరెత్తుతోంది. వరసగా కుర్చీలు, వాటిలో మనుషులు, లంగరు వేసిన పడవల్లా ఎవరి బరువుకు వాళ్లు కొద్దిగా ఊగుతున్నారు. గుమ్మం దగ్గర కాపలా కుర్రాడు కాగితం తీసుకుని, చీటీ రాసి లోపలికి పంపి, గోడ మీది బోర్డు చదివి వినిపించాడు.

"పేరు రెండుసార్లు పిలుస్తారు తాతా. పలక్కపోతే మీ కాగితం అడుగుకు పోతుంది. మళ్లీ పైకొచ్చేదాకా కూర్చోవాలి."

"రెండుసార్లే?"

"రెండే."

"మూడోసారి పిలిస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?"

కుర్రాడు ఖాళీ కుర్చీకేసి చెయ్యి చూపించాడు.

కూటర్ వెళ్లి గోడవార కుర్చీలో కూర్చున్నాడు. పక్కన ఎవరో ఆవిడ. పెద్ద టోపీ. ఆయన కళ్లకు అది బోర్లించిన గిన్నెలాంటి నిమ్మపండు రంగు పొద్దులా ఉంది. ఎండలో కూర్చున్నట్టే హాయిగా ఉంది ఆవిడ పక్కన.

అప్పుడు పైకప్పు మాట్లాడింది.

అది ఆడగొంతు. దానికి నోరు లేదు, పళ్లు లేవు, చేతులు లేవు. దీపాల మధ్య ఎక్కడో చిల్లులున్న చిన్న డబ్బాలోంచి దిగుతోంది. ఎవరి పేరో పిలిచింది. ఎవరో లేచి వెళ్లారు. ఇంకొకరి పేరు పిలిచింది. వాళ్లూ లేచి ఆ మూల తలుపులోంచి లోపలికి వెళ్లారు. వెళ్లినవాళ్లు ఈ తలుపునుంచి తిరిగి రావడం లేదని కూటర్ గమనించాడు. పోయినసారి కూడా గమనించాడు. బయటికి వేరే దారి ఉండే ఉంటుంది. ఉంటుందని ఆయనకు తెలుసు. తెలిసినంత మాత్రాన నాలుక వినాలి కదా.

"జెడిడాయా మంగిన్" అంది పైకప్పు.

కూటర్ రొయ్యల పొట్లాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఆగస్టులో ఇక్కడ విన్నది తప్పిస్తే ఆ పేరు చెవిన పడి ఎన్నేళ్లయిందో! తల్లి పోయాక దాన్ని పలికినవాళ్లు దాదాపు లేరు. మిద్దెపై గదిలో ఎవరో నడుస్తున్నట్టుంది ఆ పేరు వింటుంటే. మనదే ఇల్లు, మనదే గది, కానీ ఆ నడిచేదెవరో.

"జెడిడాయా మంగిన్" అంది మళ్లీ.

గొంతులో "ఆఁ" అనే మాట పైకొచ్చి, పెదనాన్న ఊగుడు కుర్చీని చూసి, మళ్లీ కిందికి దిగిపోయింది. పైకప్పు ఒక నిమిషం ఊరుకుని వేరే పేరు పిలిచింది.

"పాపం, ఆ మంగిన్ ఎవరో గానీ పోయుంటాడు" అంది టోపీ ఆవిడ, నిట్టూరుస్తూ.

"పోకుండా ఉండాలనే పలకట్లేదేమో" అన్నాడు కూటర్.

"అదేం మాట! పలక్కపోతే బీమా పోతుంది. బీమా లేకపోతే మనిషే పోతాడు."

"రెండు దారులూ ఒకే రేవుకన్నమాట."

"మీది ఏ ఊరు?"

"టాబీ లంక."

"ఓహో" అంది ఆవిడ. లంకవాళ్లతో మాట్లాడేవాళ్లు చివరికి అనేమాట అదే. "మీ పేరు పిలిచారా ఇంకా?"

"నన్ను కూటర్ అంటారు" అన్నాడు ఆయన. అదీ అబద్ధం కాదు. ఆ పేరు పైకప్పు పిలవనే లేదు.

మధ్యాహ్నం పొట్లం విప్పి, సగం ఆవిడకు పెట్టి, సగం తను తిన్నాడు. రొయ్యలు ఎవరు వండారు అని ఆవిడ అడిగితే, తన భార్య వాసన చూపిస్తే సముద్రంలోంచి రొయ్యలే నడిచొచ్చి మూకుడులో దూకుతాయని చెప్పాడు. ఆవిడ కడుపుబ్బ నవ్వింది. తరువాత ఆవిడనూ పైకప్పు పిలిచింది. నిమ్మపండు రంగు పొద్దు లేచి, మూల తలుపులోకి వెళ్లి, అస్తమించింది.

ఆవిడ లేచిపోయాక కుర్చీ చల్లబడింది. యంత్రం హోరులో కూటర్ రెప్పలు వాలాయి.

ఆటు సమయం. నీళ్లు వెళ్లిపోయి బురద మెరుస్తోంది. ఆయన చిన్నవాడు. బుట్టలో పట్టేంత చిన్నవాడు, అయినా నడుస్తున్నాడు. దూరంగా, మోకాలిలోతు నీళ్లలో, చీర కుచ్చెళ్లు ఎగ్గట్టినట్టు గౌను పైకి చెక్కుకుని అమ్మ నిలబడి ఉంది. వీపు ఇటు. ఆల్చిప్పలు ఏరుతోంది. ఒక్కో చిప్ప తీసి బుట్టలో వేస్తుంటే లోపల దీపం వెలిగినట్టు ఒక్కో చిప్ప వెలుగుతోంది. ఈ నేలా, ఈ నీళ్లూ, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ప్రతి గడ్డిపరకకూ అంచు ఉంది. ఇన్నాళ్ల తరువాత ప్రతిదానికీ ఒక అంచు ఉండటం చూసి ఆయనకు ఏడుపొచ్చింది.

"జెడిడాయా" అంది అమ్మ, ఇటు తిరగకుండానే.

ఆయన పలకలేదు. ముఖం కనబడటం లేదు కదా. అది అమ్మ అని ఏమిటి నమ్మకం?

"ఇటు తిరుగమ్మా" అన్నాడు.

"నా చేతులు ఖాళీ లేవు. నువ్వే ఇటు రా" అంది అమ్మ. "పిలిచేది ఎవరో తెలియాలంటే పిలిచే చోటికి రావాలి గానీ, కూర్చుంటే తెలుస్తుందట్రా?"

"జెడిడాయా మంగిన్" అంది పైకప్పు.

కూటర్ కళ్లు తెరిచాడు. అంచులన్నీ పోయాయి. మళ్లీ ఆకుపచ్చటి నీళ్లు. హాలు దాదాపు ఖాళీ. గడియారం కనబడలేదు గానీ కిటికీలోంచి పడే ఎండ కుర్చీల కాళ్ల దాకా దిగింది. మూడున్నర దాటింది. ఆ కాగితం ఇంకోసారి అడుగుకు పోతే ఈరోజుకు పైకి రాదు.

ఆయన లేచి నిలబడ్డాడు.

పలకడానికి కాదు. గోడ మీద చెయ్యి పెట్టాడు. పైనున్న డబ్బానుంచి ఒక తీగ గోడ వెంట కిందికి దిగి, నడుమెత్తున అడ్డంగా వెళుతోంది. దాని మీద కూడా ఆకుపచ్చ రంగు పూశారు. కంటికి కనబడదు. కానీ యాభై ఏళ్లు తాళ్లూ ముళ్లూ ఎరిగిన వేళ్లకు అది కనబడకపోవడమేమిటి? ఆయన తీగను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, తెగిన కన్ను వెతుక్కుంటూ వల వెంట నడిచినట్టు, గోడ వెంట నడిచాడు.

ఒక మేకు. ఇంకో మేకు. ఒక కిటికీ చుట్టూ పైకెక్కి దిగింది. కూటర్ కూడా మునివేళ్ల మీద లేచి దిగాడు.

"జెడిడాయా మంగిన్" అని రెండోసారి వచ్చింది పిలుపు. ఈసారి అది పైనుంచి రావడానికి ముందే వేళ్ల మధ్య తీగలో చేప తగిలినట్టు జిల్లుమందని ఆయన తరువాత ఎన్నో ఏళ్లు చెప్పాడు. "డా" అన్నచోట గట్టిగా లాగిందట.

"తాతా! తాతా, ఎక్కడికి?" కాపలా కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. "అటు వెళ్లకూడదు. పిలిస్తేనే వెళ్లాలి."

"పిలిచారుగా."

"మీరేనా మంగిన్? మరి పొద్దుటినుంచి..."

"చెయ్యి అడ్డం తియ్యి నాయనా. తీగ నీ వెనకనుంచి పోతోంది."

కుర్రాడు పక్కకు జరిగాడు. ఎందుకు జరిగాడో వాడికే తెలియదు. తీగ మూల తలుపు సందులోంచి లోపలికి దూరింది. కూటర్ తలుపు తోశాడు. సన్నటి నడవ, రెండు గదులు, రెండో గదిలో బల్ల. తీగ బల్ల అంచెక్కి ఒక చిన్న యంత్రంలో ఆగిపోయింది. యంత్రం వెనక ఎవరో ఉన్నారు. గోధుమరంగు గుండ్రటి మసక. అటూ ఇటూ రెండు ఎర్రటి చుక్కలు, చెవిపోగులు కాబోలు. ఉడికిన వేరుశనక్కాయల వాసన వస్తోంది.

"ఎవరండీ మీరు? ఇలా వచ్చేశారేం?" అంది ఆ మసక. పైకప్పు గొంతే. కానీ ఇక్కడ దానిలో వేరుశనగ పలుకు నములుతున్న చప్పుడు కూడా ఉంది.

"నువ్వేనా అమ్మా నన్ను పిలుస్తున్నది?"

"మంగిన్ గారా? మీరు హాల్లోనే ఉన్నారా? నాలుగుసార్లు పిలిచాను! మీ కాగితం ఇప్పుడే అడుగున పెట్టబోతున్నాను. చెవుడా అండీ?"

"చెవుడు కాదు. నీ మొహం కనబడలేదు."

"నా మొహంతో మీకేం పని?"

"చూసి పలుకుతాను."

గడియారం టిక్కుమంది. నాలుగుకు పది నిమిషాలుందని, తను మూసేసి ఇంటికి పోవాలని, పొద్దుటినుంచి ఎనభై మందిని పిలిచానని ఆమె చెప్పింది. కూటర్ అన్నిటికీ తలూపాడు గానీ జరగలేదు. తల మీది తన టోపీ తీసి చేతిలో నలుపుతూ అక్కడే నిలబడ్డాడు.

"ఇంకొక్కసారి పిలువమ్మా. ఆ యంత్రంలోంచి కాదు. ఇటు, నాకేసి చూసి."

"పిలిస్తే పలుకుతారా మరి? లేకపోతే మళ్లీ అడుగుకేనా?"

"ఇటు రా. కొంచెం దగ్గరికి."

ఆమె నవ్వు ఆపుకుంటూ బల్ల మీదికి వంగింది. కూటర్ కూడా వంగాడు. మసక కొద్దికొద్దిగా గట్టిపడింది. ముందు కళ్లజోడు, తరువాత ముక్కు, చివరికి గడ్డం పక్కన మినపగింజంత పుట్టుమచ్చ. చావుకు పుట్టుమచ్చ ఉండదని కూటర్ ఆ క్షణాన తీర్మానించుకున్నాడు. ఉంటే ఎవరో ఒకరు ఇన్నేళ్లలో చెప్పి ఉండేవారు.

"జెడిడాయా మంగిన్" అంది ఆమె, మెల్లగా.

ఆయన గుండె పాయలో పడవలా ఒకసారి పక్కకు ఒరిగింది. మళ్లీ నిలబడింది.

"ఉన్నానమ్మా" అన్నాడు.

అని ఆగాడు. ఏం జరుగుతుందోనని. యంత్రం హోరుమంటోంది. ఒక ఊపిరి తీసుకున్నాడు. అది వదిలి ఇంకొకటి తీసుకున్నాడు. రెండూ మామూలుగానే వచ్చాయి.

"ఉన్నాను కదా?" అని అడిగాడు.

"ఇప్పటికైతే ఉన్నారు. ఫారం పూర్తయ్యేసరికి నేను హామీ ఇవ్వలేను" అంది ఆమె, కలం తీస్తూ. "కూర్చోండి. గబగబా చెప్పండి. పుట్టిన తేదీ?"

ఆయన చెప్పాడు. ఎక్కడ పనిచేశాడో, ఎన్నాళ్లు చేశాడో చెప్పాడు. భార్య పేరు చెప్పమంటే కొంచెం తడబడి, ఆమె అసలు పేరు చెవిలో చెప్పినట్టు గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె కలం కాగితం మీద పీత నడిచినట్టు గరగరా నడుస్తోంది. ప్రతి గడిలోనూ జెడిడాయా ఇంకొంచెం లోతుగా దిగుతున్నాడు. అరవై అయిదేళ్లు పుస్తకంలో పడుకున్న మనిషి ఒక్కసారిగా లేచి ఆఫీసులో కూర్చుని లెక్కలు ఒప్పజెబుతున్నాడు. కూటర్‌కు ఆయన్ను పక్కనుంచి చూస్తున్నట్టుంది. కొంచెం బిడియస్తుడిలా ఉన్నాడు. చెడ్డవాడు కాదు.

"మీకు వేరే పేరు ఏదైనా వాడుకలో ఉందా? ఇక్కడ రాయాలి."

రెండు పేర్లూ ఒక్క కాగితం మీద పక్కపక్కన పడితే ఇంక దాక్కోవడానికి చోటెక్కడుంటుంది? తాబేలుకు చిప్ప తీసేసినట్టే.

"ఉంది" అన్నాడు చివరికి. "కానీ అది లంక దాటి రాదు. కబురు పెట్టినా రాదు."

ఆమె కళ్లజోడు పైకి తోసుకుని ఆయనకేసి చూసింది. కలం ఆ గడి మీద ఒక్క క్షణం ఆగి, దాన్ని వదిలేసి కింది గడికి వెళ్లిపోయింది.

"డిసెంబరు ఒకటినుంచి మీ బీమా పనిచేస్తుంది. కార్డు పోస్టులో వస్తుంది. ఇక్కడ సంతకం." కలం ఎక్కడ ఆనించాలో వేలితో చూపించింది. ఆయన రాశాడు. రాస్తూ తన అసలు పేరులో ఇన్ని అక్షరాలున్నాయా అని ఆశ్చర్యపోయాడు. చివరి రెండు గీత దాటి కిందికి జారాయి. ఆమె కాగితం తీసి పక్కన పెట్టింది. గుప్పెడు వేరుశనక్కాయలు ఆయన చేతిలో పోసి, వేరే దారిన బయటికి పంపింది. వేరే దారి నిజంగానే ఉంది. అది సరాసరి ఎండలోకి తెరుచుకుంది.

లాంచీలో మింటా ముందు ఏమీ అడగలేదు. బుట్టలు మూడు మిగిలాయని, ఒకావిడ బేరమాడి చంపిందని, పర్ర మీద గాలి తిరిగిందని చెప్పింది. కూటర్ వేరుశనక్కాయలు ఒలిచి ఒక్కొక్కటి ఆమె చేతిలో పెడుతున్నాడు. పొద్దు వాలుతోంది. ఆయన కళ్లలో ఆ వెలుతురు పాలలో తేనె కలిపినట్టు చిక్కగా, మెల్లగా తిరుగుతోంది. నీళ్లూ ఆకాశమూ ఒకటే గుడ్డ. లాంచీ ఆ గుడ్డ మడతలో ఎటూ పోకుండా పోతున్నట్టుంది.

"పిలిచారా?" అంది చివరికి.

"పిలిచారు."

"పలికావా?"

"పలికాను."

ఆమె ఒళ్లోని బుట్ట అంచును బొటనవేలితో రాస్తూ ఉండిపోయింది. ఆ చప్పుడు ఆయనకు వినబడుతోంది. అది ఆమె ఏడవకుండా ఉండేటప్పుడు చేసే చప్పుడు.

"మింటా. నువ్వొకసారి పిలువు."

"కూటర్."

"అది కాదు. అది."

"నీకేమైనా పిచ్చా! ఈ నీళ్ల మధ్యనా? పెళ్లినాడు పాస్టరు వెనకాల అనమంటే అన్నాను ఒకసారి. ఆ రాత్రంతా నిద్రపోలేదు, నీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"చెబితే నవ్వుతావని."

"నవ్వను. పిలువు. ఈరోజు ఆ పేరు ఊరూ పేరూ లేనివాళ్లందరూ పలికారు. నువ్వు పలకలేదు. అదేం బాగాలేదు."

మింటా చుట్టూ చూసింది. నీళ్లు, గడ్డి, దూరంగా లంక నల్లటి గీతలాగా. బుట్టలు పక్కన పెట్టి, ఆయన గడ్డం పట్టుకుని, తన ముఖం ఆయన ముఖానికి జానెడు దూరంలోకి తెచ్చింది. ఆవిరి పట్టిన అద్దం మీద ఎవరో అరచేత్తో తుడిచినట్టు ముందు ఒక కనుబొమ, తరువాత ఆ కన్ను, దాని కొసన ముడతలు. ఆ ముడతలు ఆయన ఎరగడు. ఈ రెండేళ్లలో వచ్చినవి.

"జెడిడాయా" అంది. "జెడిడాయా మంగిన్."

"ఉన్నానే" అన్నాడు ఆయన.

ఇద్దరూ అలాగే ఉండిపోయారు, ఏం జరుగుతుందో చూస్తూ. ఒక చేప నీళ్లలోంచి ఎగిరి పడింది. లాంచీ సాగిపోతోంది.

"ఇంకోసారి పిలవనా?"

"వద్దు. డిసెంబరు పోయాక పిలువు. అప్పుడు మొహమంతా ఒకేసారి కనబడుతుంది."

చక్రం దగ్గరనుంచి బూసీ మెడ సారించి, వెనక్కు, పక్కలకు, బెంచీల కిందకు చూశాడు.

"ఆ జెడిడాయా ఎవరక్కా? లాంచీ ఎక్కాడా? నేను చూడలేదే!"

"ఎక్కాడులేరా" అంది మింటా, బుట్టలు మళ్లీ ఒళ్లోకి తీసుకుంటూ. "మా ఇంటికే వస్తున్నాడు."